నర్సు బీఎమ్‌ఐ 42 అని రాసినా ఒబెసిటీ కోడ్ ఎందుకు పడదు?

ప్రశ్న ఇది. బరంపురంలో ఉంటూ రాత్రిపూట ఇంటి నుంచే అమెరికా అవుట్‌పేషెంట్ చార్టులు కోడ్ చేస్తున్న (అంటే రోగి రికార్డులోని జబ్బులను బీమా బిల్లు కోసం కోడ్‌లుగా మార్చే) ఒకరు అడిగారు. వైటల్స్‌లో నర్సు బీఎమ్‌ఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 42.4 అని ఎక్కించింది. డాక్టరు అసెస్‌మెంట్‌లో టైప్ 2 డయాబెటిస్, బీపీ మాత్రమే ఉన్నాయి. చివర్లో "ఆహారం గురించి చెప్పాను" అని ఒక ముక్క ఉంది. ఈ66.813 (క్లాస్ 3 ఒబెసిటీ, అంటే అన్నిటికన్నా పై తరగతి స్థూలకాయం), జెడ్68.41 (బీఎమ్‌ఐ 40 నుంచి 44.9) రెండూ వేస్తే ఆడిట్‌లో రెండూ తప్పని తిరిగొచ్చాయి. "40 దాటితే క్లాస్ 3 అని పుస్తకంలోనే ఉంది కదా, ఇందులో నా తప్పేమిటి?" అన్నది మొదటి ప్రశ్న. పగలు ఒక నర్సింగ్ హోమ్ ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చుంటారట. అక్కడి డిశ్చార్జ్ సమ్మరీల్లో ఇవే కోడ్‌లు రాయొచ్చా అన్నది రెండోది.

సూటిగా చెప్తాను. ఆడిటర్ మాటే సరైనది. ఆ చార్టులో రెండు కోడ్‌లూ పడవు. అంకె నర్సు రాయొచ్చు, జబ్బు పేరు మాత్రం డాక్టరే రాయాలి. డాక్టరు ఒబెసిటీ అని రాయనప్పుడు ఈ66 లేదు. ఈ66 లేనప్పుడు జెడ్68 కూడా లేదు. రెండో ప్రశ్నకు జవాబు: రాయకూడదు, మన దగ్గర క్లెయిమ్ ఫారంలో అడిగే ఐసీడీ-10 (జబ్బుల కోడ్‌ల పుస్తకం) వేరు. దాని సంగతి చివర్లో వివరంగా రాశాను.

(కోడ్‌లలోని అక్షరాలను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. కోడ్‌లు వెతికే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్‌లో ఇంగ్లిష్ అక్షరమే కొట్టండి. గర్భిణుల కోడ్ ఓ99లో మొదటిది ఓ అక్షరం, సున్నా కాదు. కొత్తవాళ్లు ఇక్కడ చాలాసార్లు పొరబడతారు.)

ఇప్పుడు కారణం. అమెరికాలో వాడే రూపం ఐసీడీ-10-సీఎం. దాని అధికారిక గైడ్‌లైన్స్‌లో మొదటి సెక్షన్, బీ భాగం, 14వ అంశం తీసి చదవండి. వైద్యం చేస్తున్న డాక్టరు కాకుండా వేరేవాళ్లు రాసిన వాటిలో కోడర్ తీసుకోదగ్గవి ఏమిటో అందులో ఉంటుంది. బీఎమ్‌ఐ, బెడ్‌సోర్ స్టేజ్, కోమా స్కేల్ లాంటివి. ఇవన్నీ కొలతలు, గ్రేడులు. నర్సో డైటీషియనో రాస్తే చాలు. అయితే ఆ కొలత ఏ జబ్బుకు సంబంధించిందో, ఆ జబ్బు పేరు డాక్టరు నోట్‌లో ఉండి తీరాలని అదే అంశం చెబుతుంది. నర్సు "స్టేజ్ 3" అని రాసినా, డాక్టరు ఎక్కడా ప్రెషర్ అల్సర్ అనకపోతే మీరు కోడ్ చెయ్యరు కదా? బీఎమ్‌ఐ విషయంలోనూ లెక్క అదే. జెడ్ కోడ్‌ల అధ్యాయం ఇంకా గట్టిగా చెబుతుంది: రిపోర్ట్ చేయదగ్గ జబ్బు తోడుగా ఉన్నప్పుడే బీఎమ్‌ఐ కోడ్ వేయాలి. అంటే జెడ్68 ఎప్పుడూ రెండో వరసలోదే. ఒంటరిగా రాదు, మొదటి కోడ్‌గానూ రాదు.

"42.4 అంటే క్లాస్ 3 అని ఎవరికైనా తెలుసు కదా" అన్నది మీ వాదన. వైద్యపరంగా మీరన్నది నిజమే. కోడింగ్‌లో అది చెల్లదు. అదే గైడ్‌లైన్స్‌లో ఏ భాగం 19వ అంశం ప్రకారం, జబ్బు ఉందని డాక్టరు చెప్పిన మాటే కోడ్‌కు ఆధారం. అంకె చూసి పేరు పెట్టడమంటే మీరు డయాగ్నసిస్ చేసినట్టు. కండలు బాగా పెంచిన మనిషికి బీఎమ్‌ఐ 31 రావచ్చు. గుండె, కిడ్నీ జబ్బుతో ఒళ్లంతా నీరు పట్టిన మనిషికి 36 రావచ్చు. అది కొవ్వో, నీరో, కండో పరీక్ష చేసిన డాక్టరు చెప్పాలి. "ఆహారం గురించి చెప్పాను" అన్న ముక్క కూడా సరిపోదు, ఎందుకంటే షుగర్ ఉన్నవాళ్లందరికీ ఆ మాట చెప్తారు. సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ ఉందని ఒబెసిటీ అనుకోవడమూ ఇలాంటి పొరపాటే. అది షుగర్‌కీ ఇస్తారు. నోట్‌లో "హై బీఎమ్‌ఐ" అని డాక్టరే రాసినా అది ఒబెసిటీ అన్న మాట కాదు.

పరీక్షకు చదివేవాళ్లకు ఇది తొందరగా పట్టుబడాలంటే ఒకే బీఎమ్‌ఐ తీసుకుని డాక్టరు మాటను మార్చి చూడాలి. బీఎమ్‌ఐ 36.2 అనుకోండి.

డాక్టరు "ఒబెసిటీ" అని మాత్రమే రాస్తే ఈ66.9, జెడ్68.36. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. 36 అంటే క్లాస్ 2 కదా అని ఈ66.812 వేస్తారు. క్లాస్ అన్న మాట డాక్టరు రాయలేదు కాబట్టి అది పడదు.

"క్లాస్ 2 ఒబెసిటీ" అని రాస్తే ఈ66.812, జెడ్68.36. రోమన్ అంకెలో రాసినా మామూలు అంకెలో రాసినా ఒకటే.

"మోర్బిడ్ ఒబెసిటీ" లేదా "సివియర్ ఒబెసిటీ" అని రాస్తే ఈ66.01, జెడ్68.36. మోర్బిడ్ అంటే 40 దాటాల్సిందే అనుకుని దీన్ని కొట్టేసే కోడర్లు ఉన్నారు. 35 దాటి, దాంతోపాటు షుగరో, స్లీప్ ఆప్నియానో (నిద్రలో శ్వాస ఆగే జబ్బు) ఉంటే డాక్టర్లు మోర్బిడ్ అనడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మాట స్పష్టంగా ఉంది, అంకె దాన్ని కాదనడం లేదు. అలాగే వేయండి. మోర్బిడ్ అన్నదాన్ని మీరు క్లాస్ 3గా మార్చకండి, క్లాస్ 3 అన్నదాన్ని మోర్బిడ్‌గానూ మార్చకండి. ఇండెక్స్‌లో ఏ మాట ఎటు పంపుతుందో అటే వెళ్లాలి.

"ఓవర్‌వెయిట్" అని రాస్తే మాత్రం ఆగండి. మాటకూ అంకెకూ పొంతన లేదు. ఓవర్‌వెయిట్ అంటే 25 నుంచి 29.9. అంకె తప్పో, మాట పాత నోట్ నుంచి కాపీ అయిందో తెలియదు. క్వెరీ పెట్టాలి, అంటే డాక్టరును రాతపూర్వకంగా అడగాలి.

ఏమీ రాయకపోతే ఏమీ లేదు. మీ చార్టు ఈ కోవలోదే.

ఇంకో తేడా కూడా తెలిసి ఉండాలి. డాక్టరు ఒబెసిటీ అని రాస్తే, ఆ రోజు దానికి మందు ఇవ్వకపోయినా అది రిపోర్ట్ చేయదగ్గదేనని 2018 నాలుగో త్రైమాసికం కోడింగ్ క్లినిక్ (కోడింగ్ సందేహాలకు అధికారిక జవాబులిచ్చే పత్రిక) చెప్పింది. ఒబెసిటీ, మోర్బిడ్ ఒబెసిటీ ఎప్పుడూ వైద్యపరంగా లెక్కలోకి వచ్చేవే. ఓవర్‌వెయిట్‌కు ఈ వెసులుబాటు లేదు. ఆ విజిట్‌లో దాని గురించి చూసినట్టు, చెప్పినట్టు, వైద్యం చేసినట్టు ఉంటేనే ఈ66.3 వేయాలి. ఇక రిస్క్ అడ్జస్ట్‌మెంట్ (రోగుల జబ్బులను బట్టి బీమా కంపెనీకి చెల్లింపు లెక్కకట్టే) ప్రాజెక్టుల్లో క్లయింటు ఇంతకంటే కఠినంగా ఉంటాడు. గమనించారా, పరీక్షించారా, అంచనా వేశారా, వైద్యం చేశారా అన్న నాలుగింట్లో ఒకదాని ఆధారమైనా అడుగుతాడు. అక్కడ ప్రాబ్లమ్ లిస్టులో పడి ఉన్న మాటను పట్టుకుని వేస్తే నిలబడదు. క్లయింటు ఇచ్చిన సూచనల కాగితం ముందు చదవండి.

2024 అక్టోబర్ 1 గీత. ఈ66.811, ఈ66.812, ఈ66.813 మూడూ ఆ తేదీ నుంచే అమల్లోకి వచ్చాయి. అంతకుముందు తేదీల చార్టులకు ఇవి వేస్తే క్లెయిమ్ చెల్లని కోడ్ అని తిరిగొస్తుంది. అవుట్‌పేషెంట్ అయితే చూసిన తేదీ, ఇన్‌పేషెంట్ అయితే డిశ్చార్జ్ తేదీ లెక్క. సెప్టెంబర్ 28న చేరి అక్టోబర్ 2న ఇంటికి వెళ్లిన రోగికి కొత్త కోడ్‌లే. పాత ఈ66.8 ఇప్పుడు పూర్తి కోడ్ కాదు. వేరే రకం ఒబెసిటీకి ఈ66.89 వాడాలి. పాత చార్టుల రీ-ఆడిట్ ప్రాజెక్టుల్లో ఈ గీత దగ్గరే కుప్పలుగా తప్పులు పడుతున్నాయి.

పెద్దల బీఎమ్‌ఐ కోడ్‌లు గుర్తుపెట్టుకోవడం సులువు. 19.9 లేదా తక్కువైతే జెడ్68.1. 20 నుంచి 39.9 దాకా చుక్క తర్వాతి రెండంకెలే బీఎమ్‌ఐ: 27.8 అంటే జెడ్68.27, 33.1 అంటే జెడ్68.33. 40 దాటాక ఆ లెక్క పనిచేయదు. 40 నుంచి 44.9 వరకు జెడ్68.41, 45 నుంచి 49.9 వరకు .42, 50 నుంచి 59.9 వరకు .43, 60 నుంచి 69.9 వరకు .44, 70, ఆ పైన .45. నిద్రమత్తులో బీఎమ్‌ఐ 43కి జెడ్68.43 వేసేస్తారు. ఆ కోడ్ అర్థం 50 పైన. రాత్రి రెండు గంటలప్పుడు ఎక్కువగా దొరికే తప్పు ఇదే. 40 దాటిన ప్రతి చార్టులో కోడ్ వివరణ చదివాకే సబ్మిట్ నొక్కండి.

అంకె తప్పుగా ఉంటే. కోడర్ బీఎమ్‌ఐ లెక్కకట్టి కోడ్ వేయకూడదు. ఎత్తు, బరువు మాత్రమే ఉండి బీఎమ్‌ఐ ఎవరూ రాయకపోతే జెడ్68 లేనట్టే. కానీ కనిపిస్తున్న అంకె అసాధ్యంగా ఉందా అని లోపల లెక్క చూసుకోవడం మీ బాధ్యత. లెక్క తెలిసిందే: కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించాలి. 112 కిలోలు, 163 సెంటీమీటర్లు అయితే 1.63ను 1.63తో గుణిస్తే 2.657, 112ను దానితో భాగిస్తే 42.2. పౌండ్లు, అంగుళాల్లో ఉంటే పౌండ్లను 703తో గుణించి అంగుళాల వర్గంతో భాగించాలి. 247 పౌండ్లు, 64 అంగుళాలకు 42.4.

అంకె ఎక్కడ చెడుతుందో చూడండి. 5 అడుగుల 4 అంగుళాల మనిషి ఎత్తును అంగుళాల గడిలో 54 అని కొట్టేస్తారు. ఉండాల్సింది 64. బరువు 150 పౌండ్లు అయితే నిజమైన బీఎమ్‌ఐ 25.7. తెర మీద కనిపించేది 36.2. ఓవర్‌వెయిట్ మనిషి క్లాస్ 2 అయిపోయాడు. రెండోది, పౌండ్ల అంకెను కిలోల గడిలో వేయడం. 154 పౌండ్లంటే దాదాపు 70 కిలోలు. 163 సెంటీమీటర్ల మనిషికి 26.3 రావాల్సిన చోట 58 వస్తుంది. ఇలాంటివి కనబడితే డాక్టరు మోర్బిడ్ అని రాసినా సరే ఆగి అడగండి. సిస్టమ్ చూపించిన అంకెను నమ్మి ఆ మాట టెంప్లేట్‌లో తనంతట తాను దిగి ఉండొచ్చు.

మన వైపు ఆసుపత్రుల్లో దీని తమ్ముడు లాంటి తప్పు ఒకటుంది. ఎత్తును దశాంశంలో రాయడం. 5 అడుగుల 10 అంగుళాలను 5.10 అని రాస్తారు. సాఫ్ట్‌వేర్ దాన్ని 5.1 అడుగులుగా చదివి 155 సెంటీమీటర్లు చేస్తుంది. నిజానికి అది 178. 95 కిలోల మనిషికి 30 రావాల్సింది 39 వస్తుంది. రోగిది తెలుగు, రాసే నర్సుది ఒడియా, ఫారం ఇంగ్లిష్. మధ్యలో "అయిదూ పది" అన్న మాట అలా మారిపోతుంది. ఎత్తు సెంటీమీటర్లలోనే, స్టాండ్ దగ్గర చెప్పులు విప్పించి నిలబెట్టి కొలిచి రాయమని ఓపీలో చెప్పండి. రోగి నోటిమాట తీసుకోవద్దు.

పిల్లలు, గర్భిణులు. 2 నుంచి 19 ఏళ్ల వాళ్లకు పెద్దల కోడ్‌లు పనికిరావు. పన్నెండేళ్ల పిల్లకు బీఎమ్‌ఐ 29 ఉంటే జెడ్68.29 వేయకూడదు. వయసును బట్టి పర్సెంటైల్ (అదే వయసు పిల్లలతో పోల్చి చెప్పే స్థానం) నోట్‌లో ఉండాలి. 5 కంటే తక్కువైతే జెడ్68.51, 5 నుంచి 85 లోపు .52, 85 నుంచి 95 లోపు .53. 95 పైనున్న వాళ్లందరికీ ఒకప్పుడు జెడ్68.54 ఒక్కటే. 2024 అక్టోబర్ 1 నుంచి దాన్ని మూడుగా విడదీశారు. 95వ పర్సెంటైల్ నుంచి దాని 120% లోపు .54, 120 నుంచి 140% లోపు .55, 140%, ఆ పైన .56. చార్టులో "95 పైన" అని మాత్రమే ఉండి శాతం లేకపోతే గ్రోత్ చార్టు చూసి మీరు లెక్కకట్టకండి, అడగండి. 19 నిండి ఇంకా 20 రాని కాలేజీ కుర్రాడు కూడా పిల్లల లెక్కలోనే వస్తాడు. పుట్టిన తేదీ చూసుకోండి.

గర్భిణి అయితే బీఎమ్‌ఐ కోడ్ అసలు వేయకూడదని గైడ్‌లైన్ నేరుగా చెబుతుంది. ఒబెసిటీ రాసి ఉంటే ముందు ఓ99.21 వరస: మొదటి మూడు నెలలకు ఓ99.211, తర్వాతి మూడుకు ఓ99.212, చివరి మూడుకు ఓ99.213, కాన్పుకు ఓ99.214, బాలింతకు ఓ99.215. దాని తర్వాత ఈ66లో రకం. అక్కడితో సరి.

ఈ66.2 గురించి ఒక్క మాట. ఒబెసిటీ ఉంది, స్లీప్ ఆప్నియా ఉంది, సీపాప్ మిషన్ వాడుతున్నాడు కాబట్టి ఈ66.2 అని వేస్తున్నవాళ్లున్నారు. తప్పు. అది ఒబెసిటీ హైపోవెంటిలేషన్‌కు (ఒబెసిటీతో పాటు శ్వాస చాలకపోవడం), పిక్‌విక్కియన్ అని కూడా అంటారు. డాక్టరు ఆ పేరు పెట్టాలి. మామూలు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియాకు జీ47.33 విడిగా వేయాలి. ఈ66.2 పడిన చోట ఈ66.01 పడదు, ఈ66.01 కింద ఉన్న ఎక్స్‌క్లూడ్స్ 1 (రెండూ కలిపి వేయొద్దనే గమనిక) దాన్ని ఆపుతుంది. మందుల వల్ల వచ్చిన ఒబెసిటీ ఈ66.1. దానికి ఏ మందు దుష్ఫలితమో చెప్పే టీ కోడ్ కూడా కావాలి.

ఆడిటర్లు వీటి మీద ఇంత పట్టు ఎందుకు పడతారో తెలిస్తే మీకు కోపం తగ్గుతుంది. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ ఇన్‌పేషెంట్ లెక్కలో ఈ66.01 వల్ల డీఆర్‌జీ (ఆసుపత్రికి ఎంత చెల్లించాలో తేల్చే గ్రూపు) పెరగదు, కానీ జెడ్68.41 నుంచి జెడ్68.45 వరకు ఉన్నవి కాంప్లికేషన్, కోమార్బిడిటీ జాబితాలో ఉన్నాయి. ఆ అంకె కోడ్‌తోనే ఆసుపత్రికి వచ్చే డబ్బు మారిపోవచ్చు. అటు చివర ఉన్న జెడ్68.1 కూడా ఆ జాబితాలోదే. అందుకే బక్కచిక్కిన ముసలివాళ్ల చార్టుల్లోనూ అదే నియమం: పోషకాహార లోపమనో, అండర్‌వెయిట్ అనో డాక్టరు రాయందే జెడ్68.1 వేయకూడదు. రిస్క్ అడ్జస్ట్‌మెంట్‌లో మోర్బిడ్ ఒబెసిటీ పాత లెక్క వీ24లో హెచ్‌సీసీ (చెల్లింపును పెంచే జబ్బుల వర్గం) 22, కొత్త లెక్క వీ28లో హెచ్‌సీసీ 48. 2026 చెల్లింపుల సంవత్సరం నుంచి పూర్తిగా వీ28దే నడుస్తుంది. ఆధారం లేని ఒక్క కోడ్ వల్ల ఇన్సూరెన్స్ కంపెనీకి అక్రమంగా డబ్బు వెళ్లినట్టవుతుంది. అది తిరిగి కట్టాల్సి వస్తుంది. ఆ బరువు మీ ఎంప్లాయీ ఐడీ మీద పడుతుంది. మెడికేర్ ఒబెసిటీ కౌన్సెలింగ్ జీ0447 చార్టులు వస్తే బీఎమ్‌ఐ 30, ఆ పైన ఉండాలి, కూర్చుని మాట్లాడిన 15 నిమిషాలు నోట్‌లో ఉండాలి. మొదటి ఆరు నెలల్లో కనీసం 3 కిలోలు తగ్గితేనే ఏడో నెల నుంచి నెలకోసారి కొనసాగుతుంది.

క్వెరీ ఎలా రాయాలి. మీ చార్టుకు సరైన దారి ఇదే. కోడ్ వేయడమో వదిలేయడమో కాకుండా, క్లయింటు క్వెరీకి ఒప్పుకుంటే అడగడం. "క్లాస్ 3 ఒబెసిటీ అని రాయగలరా?" అని అడిగితే అది జవాబు నోట్లో పెట్టి అడిగినట్టు, చెల్లదు. ముందు చార్టులో ఉన్నది పెట్టండి: ఫలానా తేదీ వైటల్స్‌లో ఎత్తు 64 అంగుళాలు, బరువు 247 పౌండ్లు, బీఎమ్‌ఐ 42.4. ప్లాన్‌లో ఆహారం గురించి సలహా ఉంది. తర్వాత ప్రశ్న: ఈ కొలతకు సంబంధించి మీరు గుర్తించిన జబ్బు ఏదైనా ఉంటే నోట్‌లో తెలపండి. ఎంపికలు ఇవ్వాలంటే చార్టులోని కొలతలకు అతికేవే ఇవ్వండి: ఒబెసిటీ (క్లాస్‌తో సహా); మోర్బిడ్ ఒబెసిటీ; వేరే కారణం (అదేమిటో రాయండి); వైద్యపరంగా ప్రాధాన్యం లేదు; చెప్పలేను. 42.4 పక్కన ఓవర్‌వెయిట్ అనే ఎంపిక పెడితే అది ఎంపిక కాదు, కాగితం నింపడమే. డబ్బు మాట, హెచ్‌సీసీ మాట క్వెరీలో ఎక్కడా రాకూడదు. జవాబు వచ్చాక అది సంతకం, తేదీతో అడెండమ్‌గా నోట్‌లోకి చేరాలి. చాట్‌లో "అవును" అని వచ్చిన ముక్క ఆధారం కాదు.

డాక్టర్ల అలవాటు మార్చే అవకాశం మీకుంటే అడగాల్సింది ఒక్క వాక్యమే: అసెస్‌మెంట్‌లో "క్లాస్ 3 ఒబెసిటీ, బీఎమ్‌ఐ 42.4, షుగర్ కూడా ఉంది, ఆహారం, నడక గురించి చెప్పాను, మూడు నెలల్లో మళ్లీ బరువు చూస్తాను." ఇది రాయడానికి అర నిమిషం పట్టదు. ఇందులో జబ్బు, క్లాస్, అంకె, తోడు జబ్బు, చేసిన పని అన్నీ ఉన్నాయి.

ఇక రెండో ప్రశ్న. పగలు మీరు కూర్చునే డెస్క్.

మన దగ్గర ఆరోగ్య బీమా క్లెయిమ్ ఫారం బీ భాగంలో ఆసుపత్రి నింపే ఐసీడీ-10 గడి ఉంటుంది. అక్కడ వాడాల్సింది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10. ఐసీడీ-10-సీఎం అమెరికావాళ్లు తమ అవసరానికి పెంచుకున్న రూపం. సంస్థ పుస్తకంలో ఈ66.0 అధిక ఆహారం వల్ల ఒబెసిటీ, ఈ66.1 మందుల వల్ల, ఈ66.2 హైపోవెంటిలేషన్‌తో, ఈ66.8 ఇతరం, ఈ66.9 ఏదని చెప్పనిది. జెడ్68 అనేదే అందులో లేదు, ఈ66.813 కూడా లేదు. రాత్రి వేసే కోడ్‌లను పగలు ఆ గడిలో రాస్తే బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే థర్డ్ పార్టీ వాళ్ల సిస్టమ్ తీసుకోదు, లేదా ప్రశ్న వేసి వెనక్కి పంపుతుంది. బీఎమ్‌ఐను కోడ్‌గా కాదు, డిశ్చార్జ్ సమ్మరీలో మాటల్లో రాయాలి: ఎత్తు, బరువు, బీఎమ్‌ఐ, కొలిచిన తేదీ.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. దక్షిణాసియా శరీరాలకు కొవ్వు పొట్ట చుట్టూ ఎక్కువ చేరుతుంది, తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. అందుకని మన డాక్టర్లు చాలామంది 2009 నుంచి భారతీయ ఒప్పంద ప్రమాణాన్ని వాడుతున్నారు: 23 నుంచి 24.9 ఓవర్‌వెయిట్, 25 నుంచే ఒబెసిటీ. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ప్రమాదం. కాబట్టి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఓపీ కాగితం మీదో, మీ నర్సింగ్ హోమ్‌లోనో బీఎమ్‌ఐ 26.5 పక్కన ఒబెసిటీ అని కనబడితే డాక్టరు తప్పు రాశాడనుకోకండి. అది ఆయన తీర్పు, దాన్ని అలాగే కోడ్ చేయాలి. అదే 26.5 అమెరికా చార్టులో ఒబెసిటీ పక్కన కనబడితే అక్కడివాళ్లు 30 గీత వాడతారు కాబట్టి క్వెరీ పెట్టడం న్యాయం. రెండు పనులూ ఒకే మనిషి చేస్తున్నప్పుడు ఈ గీతలు కలగాపులగం అవుతాయి. టేబుల్ మీద రెండు చీటీలు వేరువేరుగా అంటించుకోండి.

బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీకి ప్రీ-ఆథరైజేషన్ (బీమా ముందస్తు అనుమతి) ఫైలు వస్తే ఈ భారతీయ ప్రమాణం పక్కన పెట్టండి. బీమా పాలసీల్లో నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఒకే తీరుగా పెట్టించిన మినహాయింపుల్లో 06వది ఒబెసిటీకి సంబంధించింది. దాని ప్రకారం వయసు 18 నిండాలి, డాక్టరు సలహా ఉండాలి, వైద్య ప్రోటోకాల్ ప్రకారం జరగాలి. బీఎమ్‌ఐ 40 లేదా ఆ పైన ఉండాలి. లేదంటే 35 లేదా ఆ పైన ఉండి, సర్జరీ కంటే తేలికైన పద్ధతులు విఫలమై, నాలుగింటిలో ఒకటైనా ఉండాలి: ఒబెసిటీ వల్ల వచ్చిన కార్డియోమయోపతీ, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 డయాబెటిస్. 36 బీఎమ్‌ఐ ఉన్నవాళ్ల ఫైలు ఎక్కువగా తిరిగొచ్చేది ఈ చివరి పదాల దగ్గరే. "షుగర్ ఉంది" అంటే చాలదు, అదుపులో లేదని చూపించే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టు కావాలి. "స్లీప్ ఆప్నియా" అంటే చాలదు, తీవ్రత చెప్పే స్లీప్ స్టడీ కావాలి. బరువు తగ్గడానికి ముందు ఏమి ప్రయత్నించారో తేదీలతో సహా డైటీషియన్ కాగితాలు కావాలి. ఇచ్ఛాపురం వైపు నుంచో గజపతి కొండల నుంచో వచ్చేవాళ్లు పాత కాగితాలు ఇంటి దగ్గరే వదిలేసి వస్తారు. అపాయింట్‌మెంట్ ఇచ్చే రోజే ఫోన్‌లో చెప్పి తెప్పించుకోవాలి. సర్జరీ తేదీ ఖాయమయ్యాక మొదలుపెడితే సమయం చాలదు.

ఆ ఫైలులో 5.10 అడుగుల లాంటి ఎత్తు ఎక్కడ కనబడినా ముందు దాన్ని సరిచేయించండి. ఓపీ కాగితంలో 39, అడ్మిషన్ నోట్‌లో 30 ఉన్న ఫైలును బీమావాళ్లు మోసంగానే చూస్తారు. దాని ఫలితం రోగి మీద పడుతుంది. సరిచేసేటప్పుడు పాత అంకెను చెరపకుండా ఒక గీత కొట్టి, పక్కన సరైన కొలత, తేదీ, కొలిచినవాళ్ల సంతకం వేయించండి.